మామిడి తోటా, ముప్పై రెండు రకాలూ

తిరుపతి నుంచి ఒక తల్లి తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు గానీ వీధి గానీ బయటపెట్టవద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 51 ఏళ్లు. భర్తతో కలిసి 22 ఏళ్లుగా చిన్న టిఫిన్ అంగడి నడుపుతున్నారు. ఒక్కడే కొడుకు, శ్రీసిటీలో ఉద్యోగం. దామలచెరువు పక్కన ఒక పల్లెలో సంబంధం కుదిరింది. అమ్మాయి తండ్రికి నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. అమ్మాయి తర్వాత ఇంకా చదువుకుంటున్న కొడుకు ఉన్నాడు. పెళ్లి శ్రావణంలో, తిరుపతిలోనే ఒక కళ్యాణ మండపంలో. మన ప్రాంతపు అలవాటు ప్రకారం ముందురోజు రాత్రి రిసెప్షన్, పొద్దున టిఫిన్, ముహూర్తం అయ్యాక మధ్యాహ్న భోజనం. ఖర్చు మొత్తం ఆడపెళ్లివారిదే. అమ్మాయి తండ్రి పిలుచుకునేవాళ్లు 500 మంది. మగపెళ్లివారి వైపు నుంచి 700 మంది వస్తారనీ, రాత్రి విందులో 28 రకాలు ఉండాలనీ ఆమె బావగారు మాట్లాడి వచ్చారు. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు.

నిశ్చితార్థం నాడు 300 మందికి వండించారు. 200 మంది కూడా రాలేదు. వచ్చినవాళ్లు కూర్చోకముందే ఆకుల నిండా అన్నీ వడ్డించేశారు. చేయి కడుక్కోవడానికి వెనక్కి వెళ్లిన ఈమెకు కుళాయి పక్కన రెండు నీలం డ్రమ్ములు కనిపించాయి. మడిచి పడేసిన ఆకుల్లోంచి కొరకని వడలు, తుంచని బొబ్బట్లు బయటికి జారుతున్నాయి. ఆమె చూస్తుండగానే ఇద్దరు కుర్రాళ్లు ఉర్లగడ్డ కూర గంగాళాన్ని చెరో చెవి పట్టుకుని ఎత్తి డ్రమ్ములో వంచేశారు. ఆ కూరలో గరిటె గుర్తు కూడా లేదట. "పొద్దున మూడు గంటలకు లేచి పిండి రుబ్బే చేతులండీ నావి, తట్టుకోలేకపోయాను" అని రాశారు. అమ్మాయి తండ్రి తన తోటను రాబోయే రెండు కాపులకు గుత్తకు ఇచ్చి, ఆ డబ్బు ముందుగా తీసుకుని ఈ ఖర్చు పెడుతున్నాడని అంతకు ముందురోజే ఆమెకు తెలిసింది.

నేరుగా భర్త దగ్గరికి వచ్చి, అందరి ముందూ అనేశారు: "మీ అన్న పరువు కోసం ఆ మనిషి తోట గుత్తకు పెట్టాడు. ఆ తోటంతా వెనక డ్రమ్ములో ఉంది, పోయి చూడండి." అమ్మాయి తండ్రి నాలుగడుగుల దూరంలో ఉన్నారు. అమ్మాయి మేనమామలూ ఉన్నారు.

అప్పటి నుంచి భర్త ముభావంగా ఉన్నారు. బావగారు ఇంటికి వచ్చి, "అతిథి దేవుడమ్మా. దేవుడికి పెట్టేటప్పుడు లెక్క చూస్తామా?" అన్నారు. మూడో రోజున అమ్మాయి తండ్రి బావగారికి ఫోను చేసి, రాత్రికి 28 కాదు, 32 రకాలు పెడతానని చెప్పారు. తగ్గించాలని నోరు తెరిస్తే నాలుగు పెరిగాయి. ఇప్పుడు ఊరుకోవాలా, ఏమైనా చేయవచ్చా అని ఆమె అడుగుతున్నారు. చివర ఇంకో చిన్న ప్రశ్న ఉంది. ఆ రోజు వంటగదిలో మిగిలిన 40 బొబ్బట్లను గిన్నెలో సర్దుకుని ఇంటికి తెచ్చుకుంటే, తోడికోడలు "హోటలు బుద్ధి ఎక్కడికి పోతుంది" అని నవ్విందట. అలా తేవడం తప్పా?

అమ్మా,

కష్టమైన మాట ముందే చెప్పేస్తాను. ఆ డ్రమ్ములు చూసి మీకు కడుపు రగిలిందంటే మీ మనసు సరైన చోట ఉంది. కానీ మీ నోటి నుంచి వచ్చిన రెండు వాక్యాల్లో ఒకటి మీది, ఒకటి ఆయనది. అన్నం పారబోస్తున్నారన్నది మీరు చూసిన సంగతి, మీరు చెప్పవచ్చు. తోట గుత్తకు పోయిందన్నది ఆ తండ్రి దాచుకున్న సంగతి. దాన్ని ఆయన బావమరుదుల ముందు బయటపెట్టారు. మీరు జాలితో అన్నారని నాకు తెలుసు, ఉత్తరంలో ప్రతి పేజీలో ఆ జాలి కనిపిస్తూనే ఉంది. ఆయనకు మాత్రం జాలి వినిపించలేదు, "ఈయనకు అంత స్తోమత లేదు" అన్నదే వినిపించింది. ఆ మాటను చెరిపివేయడానికే నాలుగు రకాలు పెంచాడు. ఆడపిల్ల తండ్రికి అంతకన్నా తెలిసిన దారి లేదు.

ఆయన ఆ 32 రకాలనూ అతిథులకని పెట్టడం లేదు, మీ ఇంట్లో తన కూతురు ఉండబోయే రోజుల కోసం పెడుతున్నాడు. రేపు ఏ చిన్న మాట వచ్చినా "మీ నాన్న పెళ్లిలో ఏం పెట్టాడు గనుక" అని ఎవరూ అనకూడదని. తరతరాలుగా మన ఇళ్లలో కోడళ్లు పడిన మాట అది. మీ పెళ్లప్పుడు మీ నాన్న కూడా ఏదో ఒకటి ఇలాగే చేసి ఉంటారు, గుర్తు తెచ్చుకోండి. అందుకే "తగ్గించండి, మాకేమీ వద్దు" అని మీరు మంచిమనసుతో చెప్పినా ఆయనకు ధైర్యం రాదు. ఆ భయం మీ ఇంటి వైపు నుంచి వస్తోంది కాబట్టి దాన్ని తీయగలిగినదీ మీ ఇంటివాళ్లే. ఆడపెళ్లివారు ఎంత కోరుకున్నా ఈ పని వాళ్ల చేతిలో లేదు. మీ చేతిలో ఉంది. మీ ఉత్తరం చదువుతూ నాకు కొంత ఊరట కలిగిందంటే ఆ ఒక్క కారణానికే.

ఇక బావగారి మాట. దేవుడికి పెట్టేటప్పుడు లెక్క చూస్తామా అని ఆయన అడిగారు. చూస్తాం. మీరు ఉన్న ఊళ్లోనే, కొండమీదే చూస్తారు. శ్రీవారి ప్రసాదానికి దిట్టం అని ఒకటి ఉంది, మీరూ వినే ఉంటారు. 5,100 లడ్డూలకు శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు అన్నీ కలిపి 803 కిలోలు. ఏది ఎంత వేయాలో కిలోలతో సహా రాసి ఉంటుంది. ఆ లెక్క చూసి స్వామికి తక్కువ చేశారని ఎవరైనా అన్నారా? బావగారు చెప్పిన "అతిథి దేవో భవ" తైత్తిరీయ ఉపనిషత్తులోని మాట. అన్నాన్ని నిందించకూడదు, అన్నాన్ని తోసిపారేయకూడదు, అది వ్రతంగా పెట్టుకోవాలి అని చెప్పిందీ ఆ ఉపనిషత్తే. ఒకే గ్రంథంలో రెండూ ఉన్నాయి. పెద్దాయనతో వాదానికి దిగమని ఇది చెప్పడం లేదు. ఆయన భక్తి మీద నిలబడి మాట్లాడుతున్నారు కాబట్టి, ఆ భక్తిలోనుంచే ఆయనకు దారి చూపించవచ్చని చెబుతున్నాను.

కొండమీద అన్నప్రసాదం కూడా గుర్తు చేయండి. 1985లో రోజుకు 2,000 మందితో మొదలైన పథకం అది. ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరున్న ఆ పెద్ద భవనంలో అన్నం, కూర, సాంబారు, రసం, మజ్జిగ, చక్కెర పొంగలి, ఈమధ్య వడ. అన్నీ కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కార్లలో వచ్చినవాళ్లూ కాలినడకన ఎక్కినవాళ్లూ పక్కపక్కన కూర్చుని తింటారు. లేచి వస్తూ "రకాలు తక్కువ" అని అనుకున్నవాళ్లను నేను చూడలేదు. అడిగితే మళ్లీ వడ్డిస్తారు, అందుకే అందరికీ తృప్తి. ఆకు ఎంత నిండిందన్నది ఎవరూ చూడరు.

మీరు చూసినది ఒక్క నిశ్చితార్థం. పక్కనే ఉన్న బెంగళూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు కళ్యాణ మండపాలను పరిశీలించి, ఆ ఒక్క నగరంలో పెళ్లిళ్ల వల్ల ఏడాదికి 943 టన్నుల మంచి ఆహారం పారబోతకు పోతోందని 2012లో చెప్పారు. మీ పెళ్లి లెక్క మీరే కట్టుకోవచ్చు. 1,200 ఆకుల మీద ఆకుకు నూరు గ్రాములు మిగిలినా 120 కిలోలు. నూరు గ్రాములంటే మీ అంగడిలో రెండు వడలు. అది ఒక్క పూట, ఆకుల మీద మిగిలింది మాత్రమే. గంగాళాల్లో మిగిలేది వేరు.

ఇప్పుడు మీ ముందున్న దారుల గురించి మాట్లాడుకుందాం.

ఊరుకోవడం ఒక దారి. ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి, పెళ్లి అయిపోతుంది, బావగారికి కోపం రాదు, మీ ఆయన మళ్లీ మామూలుగా మాట్లాడతారు. కానీ కోడలు ఇంటికి వచ్చాక, తన తండ్రి రెండేళ్లు తోట మీద రూపాయి చూడలేదన్న సంగతి ఆ పిల్లకు ప్రతి వేసవిలో గుర్తొస్తుంది. మీకూ గుర్తొస్తుంది. నిశ్చితార్థం నాటి మీ మాట కూడా అలాగే నిలిచిపోతుంది, దానికి మందు వేయకుండా.

పెళ్లిని బాగా చిన్నది చేయడం రెండో దారి. తిరుమలలో పాపవినాశనం దారిలో ఉన్న కళ్యాణ వేదికలో దేవస్థానం వారు ఉచితంగా పెళ్లిళ్లు జరిపిస్తారు. అక్కడో, తిరుచానూరులోనో దగ్గరివాళ్లతో జరిపి ఇంట్లో యాభై మందికి భోజనం పెట్టవచ్చు. మీకు ఇది నచ్చుతుందని ఉత్తరంలోనే రాశారు. కానీ అమ్మాయి తండ్రి వైపు నుంచి చూడండి. ముప్పై ఏళ్లుగా ఆయన ఆ పల్లెలో ప్రతి పెళ్లికీ వెళ్లాడు, తిన్నాడు, చదివింపులు చదివించాడు. ఆయన ఇంట్లో ఒక పాత నోటు పుస్తకం ఉంటుంది, ఎవరికి ఎంత చదివించాడో అందులో రాసి ఉంటుంది. వాళ్లందరినీ పిలిచి ఒక పూట అన్నం పెట్టడం ఆయనకు ఊరి బాకీ తీర్చడం. ఉన్న ఒక్క కూతురి పెళ్లిలో అది తీర్చుకోకపోతే ఊళ్లో తల ఎత్తుకోలేడు. నాకైతే ఇది మంచి ఆచారమే అనిపిస్తుంది. పదిమందీ కలిసి తినడంలో తప్పు లేదు. కాబట్టి ఆయన 500 మంది జోలికి వెళ్లకండి. ఒకవేళ ఆయనే స్వయంగా చిన్న పెళ్లి కోరుకుంటే సంగతి వేరు. మీరు ముందుగా ఆ మాట ఎత్తితే మాత్రం, తోట మాట విన్న చెవులతోనే దాన్నీ వింటాడు.

తగ్గించవలసింది మీ 700. బావగారి జాబితా ముందు పెట్టుకుని మీరూ మీ ఆయనా ఒక రాత్రి కూర్చోండి. ఒక్కొక్క పేరు దగ్గరా ఒకే ప్రశ్న: వీళ్లు మన అబ్బాయిని పేరు పెట్టి పిలవగలరా? రెండు వందల పేర్ల దగ్గర మీరు ఆగిపోతారని నా అనుమానం.

మూడో దారి, నాకు అన్నింటికంటే సరైనదనిపించేది, రాత్రి రిసెప్షన్ ఖర్చు మీ ఇల్లు ఎత్తుకోవడం. ముహూర్తం భోజనం ఆడపెళ్లివారిది, రిసెప్షన్ మగపెళ్లివారిది అని పంచుకునే ఇళ్లు మన జిల్లాలో చాలానే ఉన్నాయి, బావగారికి ఇది కొత్త కాదు. పిలిచినవాళ్లే పెట్టాలన్నది న్యాయమైన మాట. ఆ 700 మందికి పెట్టే డబ్బు మన ఇంటి నుంచి పోతుందంటే, వాళ్లలో ఎవరు తప్పకుండా రావాలో బావగారికే బాగా తెలిసి వస్తుంది. రకాలు ఎన్ని అన్నది కూడా మీ చేతికి వస్తుంది. ఇబ్బందులు కూడా ఉన్నాయి. మీకు ఖర్చు. టిఫిన్ అంగడి ఆదాయంతో అది తేలిక కాదు, దాని కోసం మీరు అప్పు చేస్తే తోట గుత్త మీ ఇంటికి వచ్చినట్టే. పైగా "అంత మాట అన్నాక ఇప్పుడు మా మీద దయ చూపిస్తున్నారా" అని వియ్యంకుడు నొచ్చుకోవచ్చు. అందుకే ఇది మీరు చెప్పకూడదు. మీ ఆయన వెళ్లి, "నాకు ఒక్కడే కొడుకు, వాడి పెళ్లిలో నా చేత్తో ఒక పూట పెట్టుకోవాలని ఉంది, ఆ అవకాశం నాకు ఇవ్వండి" అని అడగాలి. అడిగేవాడు చేయి చాపినట్టు ఉండాలి. ఒక తండ్రి ఇంకో తండ్రిని అలా అడిగితే కాదనడం చాలా కష్టం.

మీ ఆయన దానికి ఒప్పుకోవాలంటే ముందు మీ ఇద్దరి మధ్య మాటలు మొదలవ్వాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. పదిమందిలో అన్నందుకు ఆయన దగ్గర తప్పు ఒప్పుకోండి. చూసినదాని గురించి కాదు, అన్న చోటు గురించి. ఆయన ఆ డ్రమ్ములను చూడలేదు, గుర్తుంచుకోండి. మీ కోపం ఒక్కటే చూశారు. వచ్చే ఆదివారం ఏదైనా మండపంలో పెళ్లి భోజనాలు అయ్యే వేళకు ఆయన్ను వెనక వైపుకు తీసుకువెళ్లి చూపించండి, ఏమీ మాట్లాడకుండా. ఆయన కూడా 22 ఏళ్లు పొయ్యి ముందు నిలబడిన మనిషే.

ఒక సంగతి నన్ను బాధపెట్టింది. తొమ్మిది పేజీల్లో మీ అబ్బాయి ఒక్కచోటే కనిపించాడు, "మా వాడు నీ ఇష్టం అమ్మా అంటున్నాడు" అని. పెళ్లి అతనిది. పెదనాన్నతో మర్యాదగానే, "నాకు ఇన్ని రకాలు వద్దు పెదనాన్నా" అని ఒక్క మాట అతను చెప్పగలగాలి. మీరు చెబితే కోడలి మాట, మీ ఆయన చెబితే తమ్ముడి మాట. పెళ్లికొడుకు చెబితే ఆ బరువు వేరు. ఇప్పుడు కూడా అతను పక్కకు తప్పుకుంటే, రేపు భార్యకూ ఇంటివాళ్లకూ మధ్య మాట వచ్చినప్పుడూ అలాగే తప్పుకుంటాడు. ఆ అమ్మాయితో ఫోనులో రోజూ మాట్లాడుతూనే ఉంటాడు కదా, ఆమెకు ఏం కావాలో అడిగాడా? మీరూ అడగండి. ఆ పిల్లకు మీరు నేరుగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది: "మీ నాన్న ఏం పెట్టాడు, ఎంత పెట్టాడు అన్న మాట నా ఇంట్లో ఎవరి నోటా రానివ్వను." పెళ్లికి ముందే, మీ నోటితో, ఆమె తండ్రి కూడా వినేలా చెప్పగలిగితే, ఆ నాలుగు రకాలు వాటంతట అవే తగ్గవచ్చు. తగ్గకపోయినా ఆ మాట వృథా పోదు.

ఇవేవీ కుదరకపోవచ్చు. బావగారు ససేమిరా అనవచ్చు, వియ్యంకుడు పట్టుదలతో అన్నీ తనే పెడతాననవచ్చు. అప్పుడు కూడా మీ చేతిలో ఒక పని మిగిలి ఉంటుంది, అందులో మిమ్మల్ని మించినవాళ్లు రెండు ఇళ్లలోనూ లేరు. వంట.

వంట మాస్టరుతో ఆకుకు ఇంత అని మాట్లాడతారు. చెప్పిన సంఖ్యకు, మనుషులు వచ్చినా రాకపోయినా, డబ్బు కట్టవలసిందే. అమ్మాయి తండ్రి తక్కువ పడుతుందేమోనన్న భయంతో వంద కలుపుతాడు, బావగారు గొప్ప కోసం వంద కలుపుతారు, మాస్టరు తన పేరు పోకూడదని ఇంకొంత కలిపి వండుతాడు. మీ పెళ్లిలో మూడు పూటలకూ 1,200 అనే చెప్పారని రాశారు. రాత్రి రిసెప్షన్‌కు వచ్చి ఫోటో దిగి వెళ్లిన ఊరివాళ్లలో చాలామంది మరుసటిరోజు పొద్దున రారు. ముహూర్తానికి వచ్చేది దగ్గరి చుట్టాలు, పల్లె నుంచి బస్సులో వచ్చేవాళ్లు. టిఫిన్‌కు విడిదిలో పడుకున్నవాళ్లూ తెల్లవారి వచ్చేవాళ్లూ మాత్రమే. రాత్రికి ఒక సంఖ్య, పొద్దునకు ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి విడివిడిగా చెప్పండి. ఈ ఒక్క పనితోనే సగం దుబారా ఆగుతుంది, ఎవరి పరువూ పోదు, ఎందుకంటే అతిథికి ఇది కనిపించనే కనిపించదు. వారం ముందు రెండు వైపుల పిల్లలను కూర్చోబెట్టి ఫోన్లు చేయించండి: రాత్రికి వస్తారా, పొద్దునా, రెండు పూటలా? ఇలా అడిగితే బాగుండదని పెద్దవాళ్లు అంటారు. బస్సు ఏర్పాటు కోసం అడుగుతున్నామని చెప్పండి, అది నిజమే కూడా.

వడ్డన మీద నాకు ఒక జ్ఞాపకం ఉంది. మా పెదనాన్న పాకాల వైపు పల్లెల్లో పెళ్లిళ్లకు బంతుల దగ్గర నిలబడేవాడు. అది ఆయనకు ఎవరో ఇచ్చిన పని కాదు, ఆయనే తీసుకున్నది. జనం కూర్చుని, ఆకు మీద నీళ్లు చిలకరించి తుడుచుకున్నాక గానీ ఉప్పు కూడా పడేది కాదు. పప్పు గిన్నె పట్టుకున్న కుర్రాడి భుజం మీద చేయి వేసి, ఒక్కొక్క ఆకు దగ్గరా ఆగి ముఖం చూసేవాడు. గరిటె ఆకుకు జానెడు పైన ఆగేది. తినేవాడు చేయి వెనక్కి తీస్తే పడేది, ఆకు మీద అరచేయి అడ్డం పెడితే గరిటె పక్క ఆకుకు వెళ్లేది. "నిదానంగా కానివ్వండి, అన్నీ వస్తున్నాయి" అనడం తప్ప ఇంకో మాట లేదు. బంతి లేచాక ఆ ఆకులు మడిస్తే చేతి మందం కూడా ఉండేవి కావు. అన్నం పెట్టే ఆచారం నేను నేర్చుకున్నది ఆయన దగ్గర. కూర్చోకముందే పదిహేను రకాలు నింపి పెట్టడం మన ఆచారం కానే కాదు, అది వడ్డించేవాళ్లు తక్కువై వచ్చిన తొందర. వంట మాస్టరుతో వడ్డించే మనుషులు ఎంతమందో ముందే మాట్లాడండి, అవసరమైతే రెండు రకాలు తగ్గించి ఆ డబ్బుతో పదిమందిని ఎక్కువ పెట్టమనండి. మీ రెండు వైపుల నుంచి ఒక్కో పెద్దమనిషిని బంతి దగ్గర నిలబెట్టండి. బావగారినే నిలబెట్టండి. అతిథి దేవుడన్న మనిషికి అంతకన్నా తగిన చోటు లేదు, 700 మందీ ఆయన చేతి మీదుగా తిన్నామని చెప్పుకుంటారు.

వంటగది సంగతి మీకు నేను చెప్పేదేముంది? వేయని వడ పాడైపోదు, వేసిన వడే పాడైపోతుంది. పిండి సిద్ధంగా ఉంచి బంతిని బట్టి వేయించమనండి. అన్నం ఒక్కసారే వార్చి గుట్ట పోయవద్దనండి. రెండో బంతి కూర్చున్నాక, వెనక ఎంతమంది ఉన్నారో చూసి మూడో ఎసరు పెట్టమనండి. పులిహోర, కూరలు మధ్యలో పెంచలేరు కాబట్టి వాటి సంఖ్యే తక్కువ చెప్పండి. బొబ్బట్లు సగం సైజులో చేయించండి, కావలసినవాళ్లు రెండు వేయించుకుంటారు. రాత్రి బఫేలో దోశ, చాట్ లాంటివి అక్కడికక్కడ చేసి ఇచ్చేవి కాబట్టి తక్కువ పోతాయి. ఎక్కువ పోయేవి గంగాళాల్లో ముందే నింపి పెట్టిన అన్నాలు, కూరలు. పళ్లేలు కూడా మరీ పెద్దవి వద్దు.

అయినా కొంత మిగులుతుంది. దాన్ని ఎవరికి ఇవ్వాలో పెళ్లికి వారం ముందే మాట్లాడుకోవాలి. వృద్ధాశ్రమమో, పిల్లల వసతి గృహమో, మీకు తెలిసిన చోటికి మీరే వెళ్లి, ఏ పూట, ఎంతమందికి, ఎన్ని గంటల లోపు కావాలో అడిగి రండి. వాళ్లు ఆ పూట వంట ఆపుకుని ఎదురుచూసేలా ఉండాలి. మిగులు ఆహారాన్ని సేకరించి పంచేవాళ్ల కోసం ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2019లో నియమాలు కూడా పెట్టింది. మీకు ముఖ్యమైనది ఇది: వడ్డించని, మూత పెట్టిన ఆహారమే ఇవ్వాలి, వేడి పదార్థం 60 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. అన్నంతో జాగ్రత్త. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు అందులో ఉంటాయి, గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే పెరిగి వాంతులు పట్టిస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. శ్రావణం ఉక్కలో పెరుగన్నం, కొబ్బరి పచ్చడి అసలు పంపకండి. మధ్యాహ్నం పన్నెండుకు దించినదాన్ని సాయంత్రం అయిదుకు, పారబోయడానికి మనసు రాక ఎవరో ఒకరికి అంటగట్టడం కంటే పారబోయడమే మేలు. వాళ్లూ మన అతిథులే కదా. ఆఖరి బంతి కూర్చోగానే ఆ పనికి ఒక మనిషిని, ఒక ఆటోను కేటాయించండి. ఆకుల మీద మిగిలినది పశువులకు పోవాలంటే ప్లాస్టిక్ గ్లాసులూ కాగితాలూ అందులో కలవకుండా వేరే డ్రమ్ము పెట్టించాలి.

వీటిలో ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం. నేనైతే ముందు దామలచెరువు బస్సు ఎక్కుతాను. మీ ఆయనతో కలిసి, బావగారికి చెప్పే వెళ్లండి, లేకపోతే ఇంకో తగవు మొదలవుతుంది. వంటకాల మాట ఆ రోజు ఎత్తకండి. వియ్యపురాలి దగ్గర కూర్చుని, "ఆ రోజు నోరు జారాను, మీ ఇంటి సంగతి నేను బయట అనకూడదు" అని చెప్పి, ఆమె పెట్టింది తిని రండి. తోట చూపించమని వియ్యంకుడిని అడగండి, చూపిస్తే చెట్ల గురించి మాట్లాడనివ్వండి. గుత్త సంగతి ఆయన ఎత్తితే తప్ప మీరు ఎత్తవద్దు. రిసెప్షన్ మాట రెండోసారి వెళ్లినప్పుడు.

చివరి ప్రశ్న, ఆ 40 బొబ్బట్లు. అవి ఎవరి ఆకు మీదా పడినవి కావు, వంటగదిలో పళ్లెంలో ఉన్నవి. మీరు తేకపోతే డ్రమ్ములోకి పోయేవి. అమ్మాయి వాళ్లను అడిగి తెచ్చారా, అడగకుండానా అన్నది మీరు రాయలేదు. అడగకుండా తెచ్చి ఉంటే ఈసారి అడగండి, అంతే. హోటలు బుద్ధి అన్న మాటకు మీరు రాత్రంతా ఏడ్చారని రాశారు. పిండి విలువ తెలిసిన బుద్ధి అది, మీ అబ్బాయిని చదివించింది కూడా అదే. పెళ్లి రోజుకు మూతలు గట్టిగా పడే స్టీలు డబ్బాలు ఒక పది తీసుకువెళ్లండి. బొబ్బట్లు రెండు రోజులు నిలుస్తాయి, పల్లెకు తిరిగి వెళ్లే బస్సులో పిల్లలకు, ముసలివాళ్లకు ఇచ్చి పంపవచ్చు. వాటిలో ఒక డబ్బా మీ తోడికోడలి చేతికే ఇచ్చి, ఆవిడ చేతనే పంచిపెట్టించండి.